జొందుగి ఇంకా బాగుందా?

గున్సాన్, మార్చి 4

తమ్ముడు చిల్‌బోక్‌కి అక్క బున్రే ఆశీస్సులు.

మన బడి ఎదురు కొట్టు నేనే తీసుకున్నానురా. డెబ్బై దాటాక వ్యాపారమేమిటని మీ బావ మొహం ముడుచుకు కూర్చున్నారు. చిన్నప్పుడు మనం బొగ్గుల పొయ్యి మీద కాల్చుకు తిన్న సాగుడు మిఠాయి పట్టీలు, అదే జొందుగి, మళ్ళీ అమ్మాలని నా ఆశ. ఓ కట్ట పంపుతున్నాను. నువ్వు బాగుందంటేనే బోర్డు కడతాను.

మీ అక్క

తా.క. పళ్ళసెట్టు పెట్టుకునే తిను.

చున్‌చన్, మార్చి 11

అక్కకి నమస్కారం.

బాగాలేదు. చప్పగా, తడిసిన అట్టముక్కలా ఉంది. మనప్పుడు ఒక్క ముక్క నమిలితే సాయంత్రం దాకా దవడలు లాగేవి. ఇది నోట్లో పెట్టగానే లొంగిపోతోంది. బోర్డు కట్టకు.

నీ తమ్ముడు

తా.క. కట్ట మొత్తం తిన్నాకే చెబుతున్నాను. తొందరపడలేదు.

గున్సాన్, మార్చి 17

నాలుకదొరగారికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. తుప్పు పట్టింది నీ నాలుకకిరా, నా సరుక్కి కాదు! కాల్చావా, పచ్చిదే మింగావా? ఇంకో పొట్లం పంపుతున్నాను. ఈసారీ బాగాలేదంటే కొట్టు మూసేస్తాను.

కోపంగా, మీ అక్క

తా.క. నీ ఉత్తరం మీ బావ మూడుసార్లు చదివించుకుని నవ్వారు. అందుకు మాత్రం నిన్ను క్షమించను.

చున్‌చన్, మార్చి 24

అక్కా, నీ కాళ్ళకి దండం!

పొట్లంలో పైనున్న రెండూ తీసి నిప్పుల మీద కాల్చాను. ఏం పొగ! ఏం నారింజ తొక్క వాసన! దవడ పట్టేసింది. ఇదీ జొందుగి అంటే! ఒకటి నేను తిని, రెండోది ముసలాళ్ళ చావడిలో కత్తెరతో కోసి పంచాను. రోజూ అక్కడికొచ్చే ప్యో గారైతే వాళ్ళమ్మ గుర్తొచ్చిందని ఏడ్చేశారు. బోర్డు కట్టు!

నీ తమ్ముడు

తా.క. ఓ పట్టాన మింగుడు పడలేదు. అదే కదా దాని గొప్ప.

గున్సాన్, మార్చి 29

నాయనా చిల్‌బోక్,

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. పైనున్నవి నీ బూట్లలో పరుచుకునే తోలు అట్టలురా! పాదాల వాసన పోతుందని నారింజ తొక్క పొడి పెట్టి నేనే కుట్టాను. జొందుగి ఉన్నది అడుగున, కాగితంలో. బతికుంటే అదీ తిని చెప్పు.

కంగారుగా, మీ అక్క

తా.క. మీ బావ వాటిని వారం రోజులు వేసుకుని బిగుతన్నారు. అందుకే నీకు పంపాను.

చున్‌చన్, ఏప్రిల్ 6

అక్కా,

బతికే ఉన్నాను. "దారం కూడా తిన్నారా?" అన్నాడు డాక్టరు. అవునన్నాను.

కింది జొందుగి తిన్నాను. అమృతమే అక్కా! మెత్తగా, తియ్యగా, ఎంత మర్యాదగా నోట్లోకి వెళ్ళిందో! నిన్నన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా. బోర్డు కట్టు.

చావడిలోనూ పంచాను. ప్యో గారు ఒక్క ముక్క నమిలి, పక్కన పెట్టి, "మొన్నటిదే అసలుది" అన్నారు. తక్కినవాళ్ళూ అదే మాట. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముప్పై జతలు కావాలట.

నీ తమ్ముడు

తా.క. ఆ వాసన తగ్గకూడదట. బావని రోజూ నడవమను.