చిలుకూరు దగ్గర రెండు హారన్లు

1974 మార్చి 3, ఆదివారం. మిర్యాలగూడ.

ఇవాళంతా ఊక పొగ. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. బి.ఏ. పాసై పది నెలలైంది. కోఠీ అమ్మాయిల హాస్టల్ నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె తాళం ఇంకా తీయలేదు. తీస్తే ఇక్కడే ఉండిపోతానని భయం.

సాయంత్రం నాలుగింటికి మా నాన్న రైసు మిల్లు లారీ వచ్చింది. మద్రాసుకు తవుడు వేసుకుపోయి ఉప్పు తెచ్చింది. డ్రైవర్ సైదయ్య వెనక వరండాలో, ఎప్పుడూ కూర్చునే స్తంభం పక్కనే కూర్చున్నాడు. నేను టీ గ్లాసూ, నా స్కూలు అట్లాసూ పట్టుకుని వెళ్ళాను. ప్రతి ట్రిప్పుకూ ఇదే మాకు అలవాటు. అతను దారి చెబుతాడు, నేను పెన్సిలు గీత మీద మళ్ళీ గీత గీస్తాను. మద్రాసు రోడ్డు దగ్గర ఆ పేజీ నల్లబడి చిరగబోతోంది.

నెల్లూరు దాటినంక గాలి ఉప్పగ కొడ్తది బిడ్డా, సముద్రం కండ్లవడకముందే పెదవుల మీదికొస్తది అన్నాడు. నేను పెదవులు తడుపుకున్నాను. అతను గమనించలేదు.

అరవై ఏళ్ళ మనిషి. నిజాం కాలంలో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడట. నాకు ఇరవై రెండు. తూర్పున నా ప్రపంచం కోదాడలో ఖతం.

మార్చి 15

కొత్త క్లీనర్ పేరు రాందాస్. పాత క్లీనర్ బాల్యా పదకొండేళ్ళు సైదయ్య పక్కన కూర్చుని, పోయిన నెల హాలియాలో తనే డ్రైవరై వెళ్ళిపోయాడు. ఎడమ తలుపు మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తే ఆగమని, రెండు వేస్తే దారి ఖాళీ, పొమ్మని. బాల్యా చెయ్యి ఎన్నడూ తప్పలేదట. రాందాస్ సంగతి అడిగితే, వాడా, తవుడు బస్తాల మీద ఒరిగిండంటే ఇగ మద్రాసుల దింపుడే, వాన్ని గూడ తూకం వెయ్యమంటరు అన్నాడు.

నవ్వాడు కానీ నవ్వులో పరేషాన్ ఉంది. ఎందుకో తెలియలేదు.

మార్చి 27

ఇవాళ ఈదమ్మ గురించి చెప్పాడు. ఈదమ్మ అతని భార్య. చిలుకూరులో రోడ్డు పక్కనే ఇల్లు. పోయేటప్పుడు ఇంటి ముందు లారీ నెమ్మది చేసి రెండు హారన్లు కొడతాడు, వచ్చేటప్పుడూ అంతే. ఆగడు. లోడు మీదున్నప్పుడు ఆగడం ఈ ఇరవై ఏడేళ్ళలో లేదట. ఇంటికి పోయింది పోయిన దసరాకు.

దిగి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగొచ్చు కదా అన్నాను. దిగితే ఎక్కబుద్ధి కాదు బిడ్డా అన్నాడు. మొన్న గూడ యాప చెట్టు నీడల నిలవడ్డది, చెయ్యి ఊపమంటే ఈ వయసుల గూడ సిగ్గువడ్తది.

నా కోసం ఏ చెట్టు కింద ఎవరు నిలబడతారు? స్టుపిడ్ ప్రశ్న. అయినా రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

అమ్మతో కోదాడ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి వచ్చాను. కిటికీ సీటు కోసం అమ్మతో పోట్లాడాను. గరిడేపల్లి, హుజూర్‌నగర్. సైదయ్య చెప్పిన ప్రతి వంకా వచ్చింది. నోటికి వచ్చిన పాఠంలా నేను ముందే చెబుతుంటే, నీకు పిచ్చిగాని లేచిందా అంది అమ్మ.

చిలుకూరులో వేపచెట్టు లేదు.

మొదలు మాత్రం ఉంది, బల్లంత వెడల్పుగా, ఇంకా ఎర్రగా. రోడ్డు వెడల్పు చేస్తూ శివరాత్రి అయిన వారానికే కొట్టేశారట. ఆ మొదలు పక్కన నడి ఎండలో ఒక ముసలామె, కొంగు నెత్తిన వేసుకుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చే ప్రతి లారీనీ చూస్తోంది. బస్సులో నా ముందు కూర్చున్నామె అంది, సైదయ్య డ్రైవర్ పెండ్లాం గాదె, మొగడు దిగడు, ఇది ఇంట్లకు పోదు, ఇద్దరూ ఇద్దరే.

శివరాత్రి ఫిబ్రవరిలో. నీడలో నిలబడ్డది అని అతను చెప్పింది మార్చి చివర.

ఏప్రిల్ 8

మరి అతనికి కనిపించేది ఏమిటి?

ఏప్రిల్ 16

టీ గ్లాసు ఎప్పుడూ పెట్టే చోట కాకుండా జానెడు ఇవతల పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా పెట్టాను. అతని చెయ్యి పాత చోటికే పోయింది. నేలను తడిమింది. ఆగిపోయింది.

 సేటుకు తెలుసునా బిడ్డా అన్నాడు. నాన్నకు తెలియదన్నాను.

కుడి కంట్లో పూర్తిగా పొర. ఎడమ కంట్లో పొద్దుగూకినట్టు ఉంటుందట, ఎప్పుడూ. రెండేళ్ళుగా బాల్యాయే కళ్ళు. బయట ఒక్కరికి చెప్పలేదు వాడు. రోడ్డంటవా, గుంత గుంత నా నడుముకు ఎరుకే, అడ్డమొచ్చే మనుషులే ఎరుక లేదు అన్నాడు. ఆపరేషన్ చేయించుకోమన్నాను. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్నోనికి స్టీరింగ్ ఎవడిస్తడు? స్టీరింగ్ ఇడిస్తే ఈ చేతులు ఏడ పెట్టుకోవాలె?

ఆ చేతులు చూశాను. మోకాళ్ళ మీద ఉన్నా ఏదో గుండ్రటిదాన్ని పట్టుకున్నట్టే ఉన్నాయి.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. మే 6న లైసెన్సు రెన్యువల్‌కు సూర్యాపేటలో కళ్ళ పరీక్ష. గోడ మీద అక్షరాల చార్టు ఉంటుంది. పోయినసారి చూపు ఉంది, అక్షరాలు రావు, వేళ్ళు చూపించి పరీక్ష చేశారు. ఈసారి వేళ్ళు చూపిస్తే చూపు లేదని దొరికిపోతాడు. అక్షరాలైనా వస్తే గట్టెక్కుతాడట. నువ్వు సదువుకున్నదానివి, జర ఆ చార్టు నాకు నేర్పియ్యి బిడ్డా అన్నాడు.

నేను టీ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను. 

ఏప్రిల్ 18

చార్టు నేర్పుతాను. జాలితో అని రాస్తే అబద్ధం. సైదయ్య ఆగిపోతే నాకు నెల్లూరు ఎవరు తెస్తారు?

ఏప్రిల్ 22

సూర్యాపేట. అమ్మ చీరల దుకాణంలో ఉండగా తలనొప్పి అని చెప్పి ఆ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో కూర్చుని చార్టు మొదటి నాలుగు లైన్లు గడగడా చదివాను. నాలుగు చదివితే ఎవరికైనా పాసే అన్నాడాయన, ఏ అనుమానమూ లేకుండా. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, తలనొప్పికి పెళ్ళి చేసుకో అన్నాడు. పాత జోకు. బయటికొచ్చి రుమాలు మీద పెన్సిలుతో రాసుకున్నాను.

న. మ గ. చ బ క. హ ఒ జ స.

పది అక్షరాలు. దొంగతనం ఇంత తేలికా?

ఏప్రిల్ 29

మిల్లు వెనక గోడ మీద బొగ్గుతో పళ్ళెమంత అక్షరాలు రాశాను. సైదయ్య ముక్కు గోడకు ఆనించి, ఒక్కోదాన్ని వేలితో తడుముతాడు. ముక్కు నల్లబడుతుంది. అక్షరం పేరు నిలవదు, రోడ్డు మాత్రం నిలుస్తుంది. అందుకని ఒక్కోదానికీ ఒక ఊరు కట్టాం. గ గరిడేపల్లి, హ హుజూర్‌నగర్, చ చిలుకూరు, క కోదాడ, జ జగ్గయ్యపేట, బ బెజవాడ, ఒ ఒంగోలు, స సింగరాయకొండ, న నెల్లూరు, మ మద్రాసు.

చార్టు వరస విని కోపం తెచ్చుకున్నాడు. నెల్లూరు ఎక్కించుకోని మద్రాసు పోవుడు మంచిదే, మద్రాసు నుంచి గరిడేపల్లికి ఒక్క దునుకా? బెజవాడకాడ బండి తిప్పి కోదాడకు రమ్మంటదా? గిదేం కిరాయి బిడ్డా, గీ డాక్టరుకు రోడ్డు ఎరుకలేదు.

ఇద్దరం నవ్వాం. పొట్ట పట్టుకుని నవ్వాం. ఇట్లా నవ్వి ఎన్నాళ్ళైందో. చెయ్యకూడని పని చేస్తున్నాననీ తెలుసు.

చ దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని వేలు కాసేపు అక్కడే ఉంటుంది. చెట్టు సంగతి నా నోటిదాకా వస్తుంది. చెప్పలేదు.

మే 6

పాస్. సూర్యాపేట నుంచి జిలేబీ తెచ్చాడు. తినలేకపోయాను.

మే 14

రైల్వే సమ్మె. గూడ్సులు లేవు. ప్రతివాడికీ లారీ కావాలి. మా లారీ మిల్లులో నిమిషం నిలవడం లేదు. మన సైదయ్య ఉన్నంత కాలం నాకు ఫికరు లేదు అని నాన్న అందరితో అంటున్నాడు. 

మే 19

లారీ రెండు రోజులు ఆలస్యం. ప్రతి హారన్‌కూ కిటికీ దగ్గరికి పరుగెత్తాను. సాయంత్రం వచ్చింది. బంపర్ బోల్టులో ఎండుగడ్డి పోచలు ఇరుక్కుని ఉన్నాయి. ఎడమ అద్దం పగిలింది.

గడ్డిబండిని వెనక నుంచి రాసుకుందట. బండివాడికీ ఎడ్లకూ ఏమీ కాలేదట. ఆ బండి మీద గడ్డి కాక పిల్లలు కూర్చుని ఉంటే అన్నాను. సైదయ్య గడ్డి పోచ ఒకటి లాగి చేతిలో నలుపుతూ, అదే యాదికొస్తుంది బిడ్డా, నిద్రవడ్తలేదు అన్నాడు. అయినా ఎల్లుండి మళ్ళీ బయల్దేరుతున్నాడు.

ఆ సర్టిఫికెట్ మీద డాక్టరు సంతకం ఉంది. చేయించింది నేను.

మే 20

కోదాడ పెద్దమ్మకు జ్వరమట. నేను వెళ్తానన్నాను. రైళ్ళు లేక బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. మన లారీలో పోతానన్నాను. సేటు బిడ్డ లారీ ఎక్కిందంటే ఊరు నవ్వుతది అని అమ్మ. సైదయ్య ఉండంగ భయమేంది అని నాన్న.

నాన్న ఆ మాట అన్నప్పుడు తల వంచుకున్నాను.

మే 21, మంగళవారం. కోదాడ, పెద్దమ్మ ఇల్లు.

వరసగా రాయాలి, లేకపోతే అన్నీ కలిసిపోతాయి.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. రాందాస్ పైన బస్తాల మీద ఎక్కి ఊరు దాటకముందే పడుకున్నాడు. నేను ముందు, బాల్యా సీట్లో. సైదయ్య స్టీరింగుకు దండం పెట్టుకుని, బాల్యా మాదిరి జేస్తవా అని అడిగాడు. చేస్తానన్నాను.

ఎంత ఎత్తు! అందరి నెత్తులూ, ఇళ్ళ పైకప్పులూ, కాలువ నీళ్ళూ నా కింద. ఇంజను వేడి కాళ్ళకు కొడుతోంది. అట్లాసులో గీసిన గీత అక్షరాలా నా ముందు పరుచుకుని వస్తోంది. ఏడుపొచ్చింది, గాలికి ఆరిపోయింది. ఇదే కదా నేను కోరింది. కానీ చూడటానికి తీరిక లేదు. సైకిల్, ఎడమ. గొర్రెలు. ఎదురుగా బస్సు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. అరచెయ్యి వాచిపోయింది. అతను నా దెబ్బను నమ్మి అంత బండినీ తిప్పుతున్నాడు. నన్నెవరూ ఇంతగా నమ్మలేదు, అందుకే అంత భయం వేసింది.

హుజూర్‌నగర్ దాటాక ఎండ సూటిగా ముఖం మీద. సైదయ్య కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోడు. చిలుకూరు వంక నడుముతో పట్టేశాడు. నెమ్మది చేశాడు. రెండు హారన్లు కొట్టి, ముసలిది నీడలకొచ్చిందా బిడ్డా అని అడిగాడు.

నీడ లేదు, చెట్టు కొట్టేసి మూడు నెలలు కావస్తోంది అన్నాను. ఎండలో నిలబడి ఉంది.

వినపడలేదనుకున్నాను. ఏం చీర అని అడిగాడు. పచ్చది, కుంకుమ రంగు అంచు, చెప్పుల్లేవు, మొదలు మీద ఒక కాలు పెట్టుకుంది అన్నాను. ఎటు చూస్తున్నది? ఇటే.

నేను తలుపు మీద ఒక దెబ్బ వేశాను. రోడ్డు మీద ఏదీ అడ్డం లేదు. అయినా వేశాను.

లారీ ఆగింది. లోడు మీద, రోడ్డు పక్కన. ఇంజను ఆపాడు. ఆ చప్పుడు పోయాక పిట్టలు వినపడ్డాయి. తాళంచెవి నా ఒళ్ళో పెట్టి, అటువైపు తలుపు తీసి, అడుగు తడుముకుంటూ దిగాడు.

ఈదమ్మ పరుగెత్తి రాలేదు. నిలబడ్డచోటే నిలబడి, బండి కరాబైందా అని అరిచింది. లేదన్నాడు. మరి ఎందుకు దిగినవ్? చెట్టు కొట్టేసిండ్రని చెప్పకపోతివి అన్నాడు. నువ్వు దిగితే గద చెప్పేది అంది. తర్వాత దగ్గరికి వచ్చి అతని ముఖం వంక చూసి, చెంగుతో అతని కళ్ళు తుడిచింది. రెండోసారి తుడిచింది. మూడోసారి చెయ్యి ఆగిపోయింది. ఆమెకు తెలిసిపోయింది. రెక్క పట్టుకుని మొదలు మీద కూర్చోబెట్టింది.

రాందాస్‌కు లైసెన్సు లేదు. బండి దగ్గర వాణ్ణి ఉంచి నేను బస్సు మెట్టు మీద నిలబడి కోదాడ వచ్చి, మిల్లుకు ఫోను చేశాను. మధ్యాహ్నం నాన్న మల్సూర్ అనే డ్రైవర్ను తీసుకుని వచ్చాడు. నాన్నకు చార్టు సంగతి మొత్తం చెప్పాను.

జూన్ 2

నాన్న పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ అన్నాడు, నా బండి కింద ఎవరన్న పడితే నువ్వు చూడగలుగుదువా? చూడలేనన్నాను. సైదయ్యను ఆపరేషన్‌కు తనే తీసుకుపోతాడట. మల్సూర్‌కు చిలుకూరులో హారన్ కొట్టమని చెప్పనా అని అడిగాను. ఎవరికోసం, ఆయన ఇంట్లనే ఉన్నడు గద అన్నాడు.

గోడ మీద బొగ్గు అక్షరాలు ఎవరూ తుడవలేదు.

ఆగస్టు 4, ఆదివారం

సైదయ్య దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అడ్రసు ఎవరో బడిపంతులు చేతిరాత. వెనక అతని అక్షరాలు, పెద్దవి, వంకరవి, రోడ్డు వరసలో.

గ. హ. చ.

అక్కడితో ఆపాడు.

దాని కింద నేను పెన్సిలుతో క రాశాను. మద్రాసు దాకా ఇంకా ఆరున్నాయి.