సోని కడుపు మీది వాతలు

యాడీ, అమ్మా,

పొద్దున్నే అడవి దిక్కు మొగులు నల్లగ కమ్మింది. మిరప కళ్లం మీద పట్టా కప్పిన. గాలి లేస్తే అంచుల మీద రాళ్లు పెట్టు. నువ్వు రాత్రిబడిల నేర్చినదానివని అక్షరాలు పెద్దగ రాస్తున్న, మెల్లగ చదువుకో.

సోనిని తీసుకొని హైదరాబాద్ పోతున్న. నీ కోడలు ఉష పరాయిదేశంల నర్సు పని చేస్తున్నది గద, బిడ్డ గూడ అక్కడ తల్లి దగ్గరుండి బడికి పోవాలంటే పర్మిట్ కావాలె. దానికోసం ఇయ్యాల డాక్టర్ దాని ఒళ్లంత చూస్తడు. కడుపు మీది వాతలు గూడ చూస్తడు. నాకు గదే భయం.

డాక్టర్ అడిగితే పొయ్యి మీద పడ్డనని చెప్పుమని సోనికి నేర్పినవట. లేస్తనే నన్ను అడిగింది: "నానా, పొయ్యి మీద పడితే మూడు గీతలు వరుసగ పడతయా?"

డాక్టర్‌కు ఉన్నదే చెప్త. వాగు పొంగి దవాఖానాకు తోవ లేదు, పిల్ల ఫిట్స్‌తోని కొట్టుకుంటున్నది, మా అమ్మ తనకు తెలిసిన వైద్యం చేసిందని చెప్త. పర్మిట్ ఆపుతరో, నీ మీద కేసే పెడతరో తెల్వదు. ఎవరన్న వచ్చి అడిగితే నేను వచ్చేదాక ఏం మాట్లాడకు. భయపడి అడవిలకు మాత్రం పోకు.

బలరాం

గంపల రొట్టెలున్నయి, తిను. తినకుండనే మేకల ఎంట పోయినవ్. రాత్రి ముగ్గురం కలిసి తిన్నం. నువ్వు తల ఎత్తలే గని నేను చూసిన: సోని ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకొని, ఇంకో చేత్తోని తన రొట్టె తుంచి నీ పళ్లెంల వేసింది.