పథ్యం విప్పమని డాక్టరమ్మకు

డాక్టరమ్మగారికి, పాత్రపూర్ దగ్గరి పల్లె నుంచి తవిటమ్మ చెప్పి రాయిస్తున్నది. నాకు డెబ్బై ఒకటి. ఇంట్లో కొడుకు హరీష్, కోడలు హేమ, నేను.

మీరు నా రొమ్ము తీసి రెండేళ్లయింది. పోయిన నెల బరంపురంలో చూసి, "జబ్బు లేదు. ఒళ్లు తగ్గాలి. కూరలు బాగా తిను, రోజూ నడు" అన్నారు. ఆ మాట హరీష్ విన్నాడు. కానీ మా ఇంట్లో వంట హేమది.

కత్తి పడిన ఒంటికి వంకాయ, గోంగూర చీము పట్టిస్తాయని అప్పుడు పెట్టిన పథ్యం ఇప్పటికీ నడుస్తోంది. మూడు పూటలా తెల్లన్నం, నెయ్యి, కారప్పొడి. గడప దాటనివ్వదు. తొమ్మిది కిలోలు పెరిగాను.

"ఈ పత్తెం ఎన్నాల్లే?" అని అడిగితే, "పెట్టినోలే ఇప్పాల అత్తా, నాకేటి తెలుసు?" అంటుంది. పెట్టింది మా వియ్యపురాలు, హేమ తల్లి. ఆవిడ నిరుడు కాలం చేసింది. విప్పించుకోవడానికి నేను ఆవిడ వెనకాలే వెళ్లాలా?

కాబట్టి తవిటమ్మ పథ్యం నేటితో విప్పామని మీరు రాసి స్టాంపు వేయండి. వంకాయ, గోంగూర, రాగులతో కాచే చోడంబలి అని పేరుపేరునా రాయండి. పొలందాకా నడవవచ్చని కూడా రాయండి.

హేమను మాత్రం తిట్టవద్దు. వార్డులో నాకంటే ఎక్కువ ఏడ్చింది అదే.

తవిటమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: ముత్యాలు, పక్కింటి మరిది.
హేమ, కోడలు. రాసింది కూడా నేనే. స్టాంపు స్పష్టంగా వేయండి డాక్టరమ్మా, గోంగూర కోసి ఉంచుతాను.