పిడికెడు బియ్యం మీద పెత్తనం

ఫ్రైబర్గ్,
ఆదివారం సాయంత్రం

అన్నయ్యకి, వదినకి,

మీ విమల వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. ముందు మీ సంగతి రాయండి. కరోనా తగ్గాక వదినకి వాసనలు తెలుస్తున్నాయా? పోపు వేసినా తెలియట్లేదని పోయిన నెల ఫోన్లో అంటే నాకు రెండ్రోజులు ముద్ద దిగలేదు. నువ్వు ఆన్‌లైన్ క్లాసులంటూ ఆ చిన్న ఫోన్లోకి చూసి చూసి కళ్ళు పాడు చేసుకోకు. పిల్లలు వినకపోతే పోయారు, కళ్ళు మళ్ళీ రావు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏంటే అంటావు. మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మా ఆయన ఆఫీసు, రెండో దాంట్లో నీ మేనకోడలు కెజియా బడి, వంటింట్లో నేను. ఎవరు దగ్గినా మిగతా ఇద్దరికీ వినపడుతుంది. ఇప్పుడు రాయబోయేది ఆయన పక్క గదిలో ఉండగా నోటితో చెప్పగలిగేది కాదు. అందుకే మంచులో పోస్టాఫీసు దాకా నడుస్తాను, ఏం పర్లేదు. నా గురించి బెంగపడకండి.

మంచు మోకాళ్ళ దాకా ఉంది. మాస్కు లోపల ఊపిరి తగిలి తడిసి, బయట గాలికి గడ్డకట్టి బిరుసెక్కుతుంది. తిండి సామాన్ల కొట్లు తప్ప అన్నీ మూసేశారు. ఒక ఇంటికి బయటి మనిషి ఒక్కరే రావాలని రూలు. మనుషుల మొహాలు చూడక నాకు పిచ్చెక్కుతోంది అన్నయ్యా. ఆదివారం ప్రార్థన కూడా జూమ్‌లోనే.

నీకు తెలుసుగా, ఇక్కడ మా ప్రార్థన గుంపు మ్యూనిక్ తెలుగు క్రైస్తవుల సహవాసం పెట్టిన పిల్ల సంఘం. మా బావగారు, అంటే మా ఆయన వాళ్ళన్నయ్య సుందర్ గారు, దానికి పెద్ద. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో నెలకోసారి రైల్లో అన్ని గంటలు కూర్చుని వచ్చేవారు. పాటల పుస్తకాలు, డోలకు ఆయనే మోసుకొచ్చారు. మా ఆయన ఉద్యోగానికి మాట సాయం చేసిందీ ఆయనే. ఇవన్నీ నేను మర్చిపోలేదు, ముందే రాస్తున్నా, తర్వాత నన్ను కృతఘ్నురాలు అనకు.

మొత్తం నాలుగు కుటుంబాలం, యూనివర్సిటీలో చదివే పిల్లలు పదకొండు మంది. హోటళ్ళు మూసేయడంతో ఈ పిల్లల పార్ట్‌టైం పనులన్నీ పోయాయి. ఒకడు వారమంతా బ్రెడ్డు తిని బతికానని నవ్వుతూ చెప్పాడు. అప్పుడు నేనే మొదలుపెట్టాను. అమ్మవాళ్ళు సంఘం కోసం చేసినట్టే, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. పిడికెడని పేరే గానీ ఒక్కో ఇల్లూ ముగ్గురు పిల్లలకి సరిపడా పోస్తాం. కాస్త పప్పు కూడా. శనివారం నాలుగిళ్ళ డబ్బాలూ పోగేసి నేను హాస్టల్ గుమ్మం దగ్గర పెట్టి వస్తాను. శిరీష అని కరీంనగర్ పిల్ల, అందరికీ ఆ అమ్మాయే వండుతుంది.

ఇది నచ్చలేదో, మేం వాళ్ళని అడక్కుండా చేశామని కోపమో, మ్యూనిక్ నుంచి ఒకదాని వెనక ఒకటి మెసేజులు మొదలయ్యాయి. మొదట ప్రతి ఇల్లూ నెలనెలా చందా కట్టాలన్నారు, మ్యూనిక్‌లో ప్రార్థన హాలు అద్దె కోసం. ఆ హాలుకి తాళం వేసి ఉంది, మేం దాని గుమ్మం కూడా చూడలేదు. సరే, పెద్దవాళ్ళు అడిగారని కట్టాం. తర్వాత ఏ పాటలు పాడతామో శుక్రవారానికల్లా పంపి ఒప్పించుకోవాలన్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళు ప్రార్థన నడిపించకూడదన్నారు. వంతులు వేసుకుని నడిపించే నాలుగిళ్ళలో ఆడవాళ్ళం ముగ్గురం ఉన్నాం. ఆఖరికి పిడికెడు బియ్యం మీద పడ్డారు. ఆ బియ్యం ఖరీదు మ్యూనిక్‌కి పంపాలట, ఏ ఊళ్ళో ఏ పిల్లలకి ఇవ్వాలో అక్కడి కమిటీ చూసుకుంటుందట. ఆ కమిటీలో మా ఊరి మనిషి ఒక్కరూ లేరు. జవాబు చెబుదామంటే వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా మార్చేశారు. చదవాలి, నోరు మూసుకోవాలి. నా నోటి సంగతి నీకు తెలుసు కదా, నాకు ఎంత కష్టమో ఊహించుకో.

సరిగ్గా ఆ వారమే కెజియాకి బడిలో ఒక పాఠం అప్పజెప్పారు, క్లాసులో నిలబడి, అదే కెమెరా ముందు, చెప్పాలి. అమెరికాలో ఆ పదమూడు వలస రాజ్యాలవాళ్ళు ఇంగ్లండు రాజు మీద ఎందుకు తిరగబడ్డారని. నాకు ప్రాణం లేచి వచ్చింది. తొమ్మిదో తరగతిలో నువ్వు నాకు చెప్పిన పాఠమే కదా! యుద్ధం ఖర్చు రాబట్టుకోవడానికి పార్లమెంటు పన్నులు వేయడం, ప్రతి కాగితానికీ స్టాంపు అనడం, తమ మనుషులు లేని సభ తమ మీద పన్ను వేయకూడదని వాళ్ళు పట్టుబట్టడం, అంతా నీ గొంతుతోనే గుర్తొచ్చింది. కెజియాకి ఒక అనుమానం. ఆ టీ చట్టం వచ్చాక టీ చవకైంది కదా, చవకైన టీని ఎందుకు సముద్రంలో పోశారు అని. డబ్బు గురించి కాదే, ఒప్పుకుని తాగితే అడక్కుండా పన్ను వేసే హక్కు వాళ్ళకి ఉందని ఒప్పుకున్నట్టే అన్నాను. అంటూ అంటూనే నేను ఎవరి గురించి చెబుతున్నానో నాకే తెలిసింది.

స్వేచ్ఛ కోసం ప్రకటన రాసి సంతకాలు పెట్టినవాళ్ళలో చాలామందికి సొంత బానిసలు ఉన్నారట, అది కూడా చెప్పాలి అంది కెజియా. అది పెద్ద కథ, చివర్లో టైం ఉంటే చెప్పు అన్నాను.

ఆ వలస రాజ్యాలవాళ్ళు కూడా రాజుకి ముందు విన్నపాలే పంపారు కదా. నేనూ అలాగే బావగారికి ఎంతో వినయంగా రాశాను. మీరంటే గౌరవం, మీరు చేసిన మేలు మరువం, మా విషయాలు తేల్చేముందు మమ్మల్ని ఒక్క మాట అడగండి అని. ఆయన నాకు జవాబు ఇవ్వలేదు. మా ఆయనకి ఫోన్ చేసి, మీ ఇంట్లో ఉత్తరాలు రాసేది ఎవరురా అని అడిగారు. డోలకు సంగతి, ఉద్యోగం సంగతి, మా అద్దె ఇంటికి తను పూచీ ఉన్న సంగతి అన్నీ తీశారు. మా ఆయన ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. ఫోన్ పెట్టేసి వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. రెండ్రోజులు మా మధ్య ఉప్పు అందుకో అనే మాట కూడా లేదు.

ఆ శుక్రవారం మెసేజ్ వచ్చింది. ఫ్రైబర్గ్ ప్రార్థన ఆపేశాం, జూమ్ లింకు రద్దు, కమిటీ మనిషి మాట్లాడేదాకా బియ్యం కూడా ఇవ్వవద్దు అని. టీ పారబోశారని ఇంగ్లండు వాళ్ళ ఓడరేవు మూసేసినట్టే. బియ్యం ఎప్పుడు తెస్తారని శిరీష అప్పటికే అడిగింది, హాస్టల్లో ఒక్క పూటకే ఉన్నాయట. ఇటు చూస్తే పదకొండు మంది ఆకలి. అటు చూస్తే మా ఆయనకి తండ్రి తర్వాత తండ్రిలాంటి మనిషి. అన్నయ్యా, అబద్ధం ఎందుకు చెప్పాలి, భయమేసింది.

అయినా కూర్చుని రాశాను. మీరు మమ్మల్ని అడక్కుండా ఇది చేశారు, అది చేశారు అని వరసగా, ఆ ప్రకటనలో రాజు మీద ఫిర్యాదులు నువ్వు బోర్డు మీద రాయించినట్టే. ఈ రోజు నుంచి మా ప్రార్థన, మా బియ్యం, మా చందా మేమే చూసుకుంటాం అని చివర్లో. శనివారం మంచులో మిగతా మూడిళ్ళకీ తిరిగాను. గుమ్మం బయటే నిలబడి కాగితం లోపలికి ఇచ్చాను. ముగ్గురు సంతకం పెట్టారు. మా ఇంటి తరఫున నేను పెట్టాను. మా ఆయన పెట్టలేదు.

ఆ ఊపులో బియ్యం తీసుకుని హాస్టల్‌కి వెళ్ళి, కాగితం గర్వంగా శిరీషకి చూపించాను. బయట బెంచీ మీది మంచు తుడిచి కూర్చుని మొత్తం చదివింది. మడిచి నా చేతికిచ్చింది.

"మంచిగ రాసిండ్రు ఆంటీ. గని ఈ కాయిదంల మా పేర్లు లేవు."

పిల్లలు కదా, మీకెందుకు ఈ గొడవ అని రాయలేదమ్మా అన్నాను.

నెమ్మదిగా, కోపం లేకుండా అంది. "బియ్యం తీసుకునేటోళ్ళు ఆదివారం జూమ్‌కి రావాలె, కెమెరా ఆన్ పెట్టాలె అని మీరే చెప్పిండ్రు కద ఆంటీ. మా ఇంట్ల మేం వేరే దేవుణ్ణి మొక్కుతం. అయినా ప్రతి ఆదివారం కూసుంటున్న, బియ్యం కోసం. నన్ను కూడ ఎవ్వరు అడగలే."

అది నేను పెట్టిన రూలే. పెట్టానని కూడా మర్చిపోయాను. అన్నం పెట్టేవాళ్ళం, ఒక్క గంట వచ్చి కూర్చోవడానికేం అనుకున్నాను. బావగారు మాత్రం ఇంకోలా అనుకున్నారా? కెజియాని చివర్లో చెప్పుకోమన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి నడిచే దారంతా ఏడ్చాను, మాస్కులో ఏడిస్తే ఎంత చిరాకో నీకు తెలియదు.

ఇంటికొచ్చి ఇంకో వాక్యం చేర్చాను. బియ్యం తీసుకునేవాళ్ళు ఎవరూ ప్రార్థనకి రావలసిన పని లేదు, ఆ రూలు పెట్టింది విమల, తప్పు విమలది అని. మిగతా మూడిళ్ళకీ ఫోన్ చేసి చదివి ఒప్పించాను. ఒకావిడ కొంచెం గొణిగింది, అయితే వాళ్ళెందుకు వస్తారు ఇంక అని. రాకపోతే రారు అన్నాను.

పోయిన ఆదివారం మా సొంత లింకు పెట్టుకున్నాం. ఉచితంగా వచ్చేది, నలభై నిమిషాలకి దానంతటదే తెగిపోతుంది. బావగారినీ రమ్మన్నాను. వచ్చారు. కాగితమంతా చదివాను, నా తప్పు రాసిన వాక్యంతో సహా. ఆయన చివరిదాకా కదలకుండా విన్నారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు.

"మీ ప్రార్థన మీరు చేసుకోండమ్మా. మా తమ్ముణ్ణి మాత్రం నాకు దూరం చేయకు."

అంతే అని వెళ్ళిపోయారు. అరిచి ఉంటే నాకు హాయిగా ఉండేది.

పదకొండు మంది పిల్లల్లో ఆ రోజు వచ్చింది ముగ్గురే. శిరీష రాలేదు. ఆ ఖాళీ చూసి నాకెంత కోపమొచ్చిందో నీతో దాచను. ఇన్ని చేస్తే నలభై నిమిషాలు కూర్చోలేరా అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నిన్న శనివారం బియ్యం మాత్రం పదకొండు మందికీ ఇచ్చి వచ్చాను, ఎవర్నీ ఏమీ అనలేదు. మునుపటిలాగే ఖాళీ డబ్బాలు కడిగి ఇచ్చింది శిరీష. ఈ సారి బఠాణీ పలావు చేస్తానంది.

మా ఆయన సంతకం ఇంకా పెట్టలేదు. కాగితం బల్ల మీదే ఉంది. పెట్టండి అని అనలేదు, పెడతారా అని అడిగాను. ఆలోచిస్తానన్నారు. నిన్న వాళ్ళన్నయ్యకి ఆయనే ఫోన్ చేశారు, తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారని నేను అడగలేదు. పెళ్ళయిన పదహారేళ్ళలో నాకు ఇంత ఓపిక ఎప్పుడూ లేదు.

ఇక్కడి సంగతులు ఇవి. వీలైతే ఎవరైనా వచ్చేటప్పుడు కాస్త కందిపొడి, గోంగూర పచ్చడి పంపించండి, విమానాలు మామూలైన తర్వాతే, తొందరేం లేదు. బాబాయికి, పిన్నికి నా వందనాలు చెప్పండి. కెజియా నీకు తన పాఠం వీడియో పంపుతుంది, కొంచెం జర్మన్‌లో ఉంటుంది, అయినా పూర్తిగా చూడు. మా నాలుగిళ్ళనీ, ఆ పిల్లల్నీ, మా బావగారినీ కూడా మీ ప్రార్థనలో తలుచుకోండి. ఆయన్ని తప్పకుండా తలుచుకోండి.

ఒక్క మాట అన్నయ్యా. ఇది చదవగానే నీ చెయ్యి ఫోన్ మీదకి వెళ్తుందని నాకు తెలుసు. మా చెల్లి చిన్నది, నోరు జారింది, మనసులో పెట్టుకోకండి అని బావగారికి చెప్పేస్తావు. నా పెళ్ళప్పటి నుంచీ నా తరఫున క్షమాపణలన్నీ నువ్వే చెబుతున్నావు, ప్రేమతోనే. ఈసారి చెప్పకు. చెప్పాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చేసి, చెప్పనా అని అడుగు. బహుశా సరే అంటానేమో. కానీ అడుగు.

మీ దీవెనలు కోరుకునే
చెల్లెలు
విమల