గౌరి అడిగిన కూర బన్ను

చెల్లీ,

నువ్వు పోయాక మా ఇంటికి తెచ్చుకున్న నీ గౌరి నెల రోజులుగా అన్నం కెలికి లేచిపోతోంది. నిన్న ఉన్నట్టుండి స్టేషన్ రోడ్డులో బండి మీద అమ్మే కూర బన్ను కావాలంది. ఇంట్లోనే చేశాను. బన్ను పైన కోసి, లోపలి మెత్తటి రొట్టె తీసి, బంగాళాదుంప కూర నింపాను. తీసిన రొట్టెను వడల పిండిలో కలుపుదామని దాచబోతుంటే గౌరి నా చెయ్యి పట్టుకుంది.

"అది దాసేత్తన్నావేటి పెద్దమ్మా? అమ్మయితే ముందు అదే కూరలో ముంచుకుని తినేసేది. నాకు బన్ను డిప్ప మిగిల్చేది."

"మీయమ్మ సిన్నప్పుడూ అంతేనే. నాకూ డిప్పే!"

గౌరి నవ్వింది. మెత్తటిదంతా కూరలో ముంచుకుని కడుపునిండా తిని, డిప్పను నా కంచంలో పెట్టింది.

నీ కూతురి దగ్గరా నాకు డిప్పే గతి, చెల్లీ. ఇష్టంగా తిన్నాను.