కుడికాలి స్టెప్పు

ఆగస్టు 11

ఈ వాలీబాల్ క్లబ్బులో ఫిజియోగా చేరి ఇవాళ్టికి మూడు నెలలు. ఇన్నాళ్ళలో నా గదికి తమంతట తాముగా వచ్చిన ఆటగాళ్ళు నలుగురు. అందులో ఒకడు బాత్రూమ్ ఎటువైపని అడగడానికి వచ్చాడు.

మిగతావాళ్ళంతా మసాజ్ బాబాయ్ దగ్గరికే పోతారు. ఆయనది ఇరవయ్యేళ్ళ సర్వీసు. పిక్కలు పిసుకుతూ లోకంలోని సంగతులన్నీ మాట్లాడతాడు. నేను గుమ్మంలో కనపడగానే ఆ మాటలు ఆగిపోతాయి. మేడమ్ వచ్చారు, చొక్కాలేసుకోండ్రా అంటాడు కెప్టెన్. నవ్వుతూనే అంటాడు. స్టాఫ్‌లో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

మ్యాచ్‌కి ముందు ప్రతి ఒక్కరినీ నొప్పి ఎంతని అడగాలి. సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పాలి వాళ్ళు. అది ఫిట్‌నెస్ షీటులో వేసి నేను సంతకం పెడితేనే కోచ్ కోర్టులోకి దింపుతాడు. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ సంతకం పెట్టలేదు, అందరివీ వేలిముద్రలే. అందుకేనేమో నేను పొట్టి సంతకం పెట్టను. ప్రతి షీటు మీదా పేరంతా రాస్తాను.

ఆగస్టు 19

మౌని వచ్చాడు. జట్టులో అందరికంటే పొడుగు, అందరికంటే ఎత్తు ఎగిరి కొట్టేవాడు. నోరు విప్పడు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి. ఎగిరి దిగే ఆటల్లో మామూలే, కానీ వదిలేస్తే నరంలాంటి ఆ గట్టి పట్టీ లోపల్లోపలే పాడవుతుంది.

వాలుచెక్క మీద ఒంటికాలితో నిలబెట్టి మోకాలు వంచమన్నాను. ఈ టెస్టులో నటించడానికి వీలుండదు. నొప్పి ఉంటే తొడ వణుకుతుంది. అంకె చెప్పమంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు చాలాసేపు ఆలోచించి, ఐదున్నర అన్నాడు. అరలు ఉండవు బాబూ అన్నాను. ఐదు దాటింది అక్కా, కానీ ఆరు ఇంకా రాలేదు అన్నాడు.

ఇంత నిజాయితీగా నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. వారంలో మూడు రోజులు ఎగరడం తగ్గించమని కోచ్‌కి రాశాను. కోచ్ ఒప్పుకున్నాడు.

సెప్టెంబర్ 2

క్లబ్ ఓనరు పిలిస్తే ఒక ర్యాపర్ మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు. పేరు చెప్పక్కర్లేదు, బస్టాపుల నిండా అతని మొహమే. మౌనిని చూసి, ఈ రాయిలాంటి మొహం నాకు కావాలి అన్నాడట. తన కొత్త వీడియోలో నిలబెడతాడట. మాట్లాడక్కర్లేదు కదా అని మౌని ఒప్పుకున్నాడు.

సెప్టెంబర్ 14

వీడియో వచ్చింది. ఐదు రోజుల్లో ఊరంతా ఆ పాటే. నాకు నొప్పి తెలీదు, నొప్పికి నేను తెలుసు అని పల్లవి. ఆ మాట దగ్గర మౌని ఎగిరి ఎడంకాలి మీద దిగి, కుడికాలు వెనక్కి మడిచి, చెవి మీద చెయ్యి పెట్టుకుంటాడు. అంతే స్టెప్పు.

ఇవాళ మ్యాచ్‌లో పాయింటు కొట్టి అదే చేశాడు. స్టేడియం డీజే వెంటనే పాట వేశాడు. నాలుగు వేల మంది లేచి నిలబడి చెవి మీద చేతులు పెట్టుకున్నారు.

జట్టంతా మారిపోయింది. డిఫెన్స్ చేసే పొట్టివాడు ప్రాసల్లో తప్ప మాట్లాడటం లేదు. ఇంకొకడు మెళ్ళో బండ గొలుసు వేసుకుని దిగబోతే రిఫరీ తీయించాడు. ఆ గొలుసు రెండు స్తంభాలకీ కట్టరా, నెట్టు ఖర్చు మిగుల్తుంది అన్నాడు కెప్టెన్. వారం తిరక్కముందే కెప్టెన్ కూడా నల్లద్దాలు కొన్నాడు. బస్సు లోపల కూడా పెట్టుకుని మెట్టు కనపడక తూలాడు.

మౌనికి పెద్ద హెడ్‌ఫోన్లు వచ్చాయి. వెనకాల ముగ్గురు మనుషులు వచ్చారు. మాటలు కూడా వచ్చాయి. అన్నీ పాటలోవే.

సెప్టెంబర్ 20

ఇవాళ మౌని పాయింటు కొట్టాక స్టెప్పు వేసి, వేలు నా వైపు చూపించాడు. పెద్ద తెర మీద నా మొహం పడింది. సాయంత్రానికి జట్టంతా నన్ను డాక్టరక్కా అంటున్నారు. నేను డాక్టర్ని కాదని ఎవరికీ చెప్పలేదు.

నా గది బయట బెంచీ చాలక కింద కూర్చున్నారు. బాబాయ్ తన బల్ల మీద ఒక్కడే కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. చూసి నాకు సంతోషం వేసింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

అక్టోబర్ 6

మౌని హెడ్‌ఫోన్లు తియ్యకుండానే బల్ల మీద పడుకున్నాడు. నొప్పి ఎంత అన్నాను. వినపడలేదు. సైగ చేశాను. రెండు వేళ్ళు చూపించాడు. 2 అని వేశాను.

వాలుచెక్క ఎక్కించాలి. బయట ఆరుగురు కూర్చుని ఉన్నారు. పైగా హెడ్‌ఫోన్లు తీయమంటే మొహం మాడ్చుకుంటాడు, మళ్ళీ నేను మేడమ్ అయిపోతాను. రేపు చూద్దాం అనుకున్నాను.

అక్టోబర్ 7

రెండు.

అక్టోబర్ 15

రెండు. వాలుచెక్క తలుపు వెనక నిలబెట్టాను, జనం ఎక్కువై కాళ్ళకి తగులుతోంది.

నవంబర్ 3

మౌనికి రెడ్ కార్డు. పాయింటు కొట్టి నెట్టు కింద నుంచి అవతలి ఆటగాడి మొహంలోకి వంగి పల్లవి పాడాడట. ఆ పిల్లాడు మొదటి మ్యాచ్ ఆడుతున్నాడు, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. కోచ్ అందరి ముందూ తిట్టాడు. నువ్వు ఆటగాడివా, పాటగాడి బంట్రోతువా అన్నాడు. మౌని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత నా గదికి వచ్చాడు. హెడ్‌ఫోన్లు మెడ మీద ఉన్నాయి. అక్కా, మరీ ఎక్కువ చేశానా అని అడిగాడు. ఆగస్టులో వచ్చిన మనిషే. నేను ఒక్క మాట అని ఉండాల్సింది. జనానికి నచ్చింది కదా అన్నాను.

నవంబర్ 9

స్టెప్పు మారింది. ఇప్పుడు కుడికాలి మీద దిగి ఎడంకాలు గాల్లో తేలుస్తున్నాడు, నెమ్మదిగా, బొమ్మలాగా. అదే బాగుందంటున్నారు అందరూ. ర్యాపర్ కూడా స్టేజీ మీద కాలు మార్చాడట. గేటు దగ్గర స్కూలు పిల్లలు వరసగా నిలబడి అలాగే ఎగురుతున్నారు.

పొట్టివాడు నాకు నేర్పించాడు. డ్రెస్సింగ్ రూములో అందరి మధ్య నేనూ వేశాను. ఎవరో వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టేశారు. అమ్మ పక్కింటివాళ్ళందరికీ చూపించిందట, చూడండి మా పిల్ల ఎంత కలిసిపోయిందో అని.

నవంబర్ 15

సెలవు. ఇంటికి వెళ్ళాను. నాన్న నా వీడియో చూశాడు, తర్వాత మౌనిది చూపించమన్నాడు. కొత్త స్టెప్పు, పాత స్టెప్పు, రెండూ రెండేసి సార్లు పెట్టించుకున్నాడు. ఈ పిల్లాడి ఎడంకాలికేమైంది అన్నాడు.

స్టైల్ నాన్నా అన్నాను.

నాన్న టైల్స్ వేసే పని. రెండు మోకాళ్ళూ పోయాయి, గోడ పట్టుకుని గాని లేవలేడు. నాకూ అలాంటి స్టైలుండేది తల్లీ అన్నాడు. ఏ గదిలోనైనా కుడి మూల నుంచే మొదలెట్టేవాడట, ఎడం మోకాలు నేలకి ఆనకుండా. మేస్త్రీ అది కొత్త పద్ధతి అనుకుని కుర్రాళ్ళందరికీ నేర్పించాడట.

అమ్మ నవ్వింది. నాకు కోపం వచ్చింది. నీకు తెలీదులే, అక్కడ రోజూ షీటులో రాస్తున్నాను, రెండే ఉంది అన్నాను. నాన్న వెంటనే తగ్గాడు. చదివినదానివి నువ్వు, నువ్వే చెప్పాలి అన్నాడు. దెప్పినట్టు కాదు. నిజంగా నమ్మి అన్నాడు.

నవంబర్ 16, ఉదయం 7:40

నిద్ర పట్టలేదు. షీట్లన్నీ ముందేసుకున్నాను. అక్టోబర్ 6 నుంచి మౌని పేరు పక్కన అన్నీ రెళ్ళే. మనిషి నొప్పి నలభై రోజులు ఒకే అంకె మీద నిలబడదు. ఈ మాట కాలేజీలో మొదటి ఏడాదే రాసుకున్నాను.

ఇవాళ వాలుచెక్క ఎక్కించకుండా సంతకం పెట్టను.

నవంబర్ 16, మధ్యాహ్నం 1:15

పెట్టాను.

హెడ్‌ఫోన్లు తీయమన్నాను. ఒక చెవి తీశాడు. చెక్క తెచ్చాను. దాన్ని చూడగానే మొహం మారింది. ఇవాళొద్దక్కా, ఆ పాటాయన కెమెరాలతో వచ్చాడు, రెండో వీడియో తీస్తున్నారు, రేప్పొద్దున్నే వచ్చి ఎంతసేపు నిలబడమంటే అంతసేపు నిలబడతాను అన్నాడు. అసలు ఎంతుంది చెప్పు అన్నాను. ఆలోచించలేదు. రెండే అన్నాడు.

ఐదుకీ ఆరుకీ మధ్య అంత వెతుక్కున్నవాడు ఇప్పుడు కనీసం ఆలోచించలేదు. నాకు అప్పుడే తెలుసు. బయట కెప్టెన్ తలుపు కొడుతున్నాడు, డాక్టరక్కా, మా హీరోని వదులు అని. పేరంతా రాశాను.

నవంబర్ 16, సాయంత్రం 6:10, ఆస్పత్రి వరండా

రెండో సెట్‌లో ఎగిరాడు. బంతిని కొట్టాడు కూడా. ఎడంకాలు నేలకి ఆనగానే చప్పుడైంది, బెంచీ దాకా వినిపించింది. పక్కకి పడ్డాడు. కాలు మడతపడి ఉంది.

అరవలేదు. చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో తెలీదు, నొప్పికి తల పట్టుకోబోయాడేమో. డీజే అది చూసి పాట వేశాడు. జనం మూడో స్టెప్పు అనుకున్నారు. చప్పట్లు. కొందరు కుర్చీల మధ్య నేల మీద పడి అలాగే చేస్తున్నారు. నేను పరిగెత్తుతున్నాను, నా చుట్టూ పాట, నాకు నొప్పి తెలీదు అని నాలుగు వేల గొంతులు.

దగ్గరికి వెళ్ళి చూస్తే మోకాలిచిప్ప ఉండాల్సిన చోట లేదు. తొడ మీదికి జరిగిపోయింది. పట్టీ పూర్తిగా తెగింది. మొహం మాత్రం వీడియోలో ఉన్నట్టే ఉంది.

పాట ఆపమని అరిచింది నేనే.

నవంబర్ 21

ఆపరేషన్ అయింది. ఏడాది పడుతుందన్నారు, అదీ మళ్ళీ ఎగరగలిగితే.

క్లబ్ మేనేజర్ పిలిచాడు. నా షీట్లన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. మీ పేపర్లు అద్దంలా ఉన్నాయి మేడమ్, మీరేం కంగారుపడకండి అన్నాడు. ఆటగాడు నొప్పి దాచాడు కాబట్టి కాంట్రాక్టు రద్దు చేసే హక్కు క్లబ్బుకి ఉందట. దానికి రుజువు నా చేతిరాత.

ఏమైనా చెప్పాలా అని అడిగాడు. లేదన్నాను.

నవంబర్ 22

చెప్పలేదు.

నవంబర్ 24

బాబాయ్ నా గదికి వచ్చాడు. మొదటిసారి. పిల్లాడి కాలు పట్టుకుంటే నాకు తెలిసిపోయేదమ్మా, కానీ నీ దగ్గరికి వస్తున్నాడు కదా, చదువుకున్న చెయ్యి కదా అని ఊరుకున్నాను అన్నాడు. తప్పు నాదే అని కూడా అన్నాడు. ఆయనది కాదని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఎవరిదో కూడా చెప్పాలి.

నవంబర్ 26

మౌనిని తీసేసినట్టు క్లబ్ ప్రకటించింది. గాయాన్ని దాచి జట్టును మోసం చేశాడని రాశారు. మోసం అనే మాట చూశాక లేచి ఉత్తరం రాశాను. వేళ్ళ సైగ చూసి అంకె వేశానని, నలభై రోజులు టెస్టు చేయలేదని, చివరిరోజు తెలిసే సంతకం పెట్టానని రాశాను. ఐదు రోజుల ముందే ఇచ్చి ఉంటే ఆ మాట అచ్చయ్యేది కాదు.

మేనేజర్ చదివి మడతపెట్టి వెనక్కి ఇచ్చాడు. ఇది నేను చూడలేదమ్మా, ఇంటికెళ్ళి అమ్మానాన్నల్ని అడిగి రా అన్నాడు. వాళ్ళు చదవలేరు సార్ అన్నాను. బల్ల మీద పెట్టేసి వచ్చాను.

నవంబర్ 29

నన్నూ తీసేశారు. మోసం అనే మాట మార్చారు. సమాచార లోపం అట. మౌని కాంట్రాక్టు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

డిసెంబర్ 12

ర్యాపర్ కొత్త వీడియో వచ్చింది. ఈసారి ఒక బాక్సరు. వాడికీ రాయిలాంటి మొహమే.

పాట బాగుంది. అదే బాధ. అబద్ధమాడను, కాలు దానంతటదే ఆడింది. మూగగా ఉన్నవాడికి ఆ పాట నోరిచ్చింది, నాకు నలుగురిలో చోటిచ్చింది. హెడ్‌ఫోన్లు తీయమని చెప్పాల్సిన పని పాటది కాదు.

జనవరి 5

పెద్దాస్పత్రిలో ఫిజియో గదిలో చేరాను. ఎనిమిది మంచాలు, మధ్య కర్టెన్లు. ఎక్కువగా ముసలివాళ్ళు. ఇవాళ లిస్టులో నాలుగో పేరు మౌనిది. వేరేవాళ్ళకి మార్చమంటావా అని సీనియర్ అడిగింది. అతన్నే అడగమన్నాను. కర్టెన్ వెనక నుంచి విన్నాను. ఆవిడే చెయ్యనీ అన్నాడు. ఎందుకన్నాడో అడిగే ధైర్యం నాకు లేదు.

జనవరి 22

మోకాలు తొంభై డిగ్రీలు వంచాల్సిన రోజు. డెబ్భై దగ్గర అరిచాడు. ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేంత అరుపు. వెంటనే చేతులు తీసేశాను. భుజం పట్టేసిన పెద్దావిడ పక్క కర్టెన్ లాగి, పిల్లాణ్ణి ఏం చేస్తున్నావే అని నన్ను తిట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. మౌని నోరు మూసుకుని, సారీ అక్కా అన్నాడు.

కర్టెన్ వేసేశాను. ఇంకోసారి గట్టిగా అరువు అన్నాను.