కుంకుడు రసంలో ఉతికిన ఉత్తరం

చిరంజీవి చాంద్‌బాషాకు దశరథరామయ్య మాస్టారి ఆశీస్సులు.

బట్టల మూటతో ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోనులో అయితే "సరే సార్, సరే సార్" అని పెట్టేస్తావు. నీ లాండ్రీ సబ్బు పొడి నాకు పడటం లేదు. నెల నుంచి మెడ ఒకటే దురద! నెలాఖరు ఆదివారం తిరువూరు పాత విద్యార్థులు నాకు సన్మానం చేస్తున్నారు. వేదిక మీద గోక్కుంటూ కూర్చోమంటావా? ఇది తగ్గకపోతే, ఇరవై ఏళ్ళుగా నీ దగ్గరికొచ్చే మూట బస్టాండు ఎదురుగా ఉన్న కొత్త లాండ్రీకి వెళ్తుంది.

నీ మేలు కోరే,
దశరథరామయ్య

తా.క. లెక్కల్లో నిన్ను ఫెయిల్ చేసిన కక్షయితే చెప్పు, ఇప్పుడైనా పాస్ చేస్తాను.

* * *

మాస్టారికి చాంద్‌బాషా నమస్కారాలు.

మీ మూట పోతే నా షాపు పరువు పోయినట్టే సార్! పొడి మానేశాం. మా ఆవిడ దౌలత్‌బీ కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, నానబెట్టి, ఉడికించి, పిసికి, గుడ్డలో వడగట్టింది. మీ బట్టలు ఆ రసంలోనే ఉతికాను. పెన్ను గుర్తులు చెరిగిపోతున్నాయని పోయిన నెల నుంచి కాలరు లోపల మీ 'ద' గుర్తు నల్లజీడి గింజ రసంతో పెడుతున్నా కదా, అది మరోసారి దిద్దాను. మా తాతల నాటి పద్ధతి, జన్మకి పోదు.

మీ శిష్యుడు,
చాంద్‌బాషా

తా.క. మిగిలిన రసంతో మా ఆవిడ తలంటుకుంది. జుట్టు మీ పంచెల కంటే బాగా మెరుస్తోంది.

* * *

చాంద్‌బాషా, శభాష్!

"ఈ బట్టలు నావి కావు" అని మా ఆవిడ రావమ్మతో వాదించాను. అంత తెల్లగా వచ్చాయి! దురద మాత్రం ఇంకా పెరిగింది. కుంకుడు రసం ఎక్కువైందేమో చూడు.

ఆశీస్సులతో,
దశరథరామయ్య

తా.క. ఉత్తరం చొక్కా జేబులో పెడుతున్నాను. చూసి ఉతుకు.

* * *

మాస్టారూ, కాళ్ళు పట్టుకుంటా, క్షమించండి.

జేబు చూడకుండా ఉతికేశాను. కుంకుడు రసం మహా గట్టిది సార్, సిరా అంతా వదిలిపోయింది. కాగితాన్ని ఆరబెట్టి, ఇస్త్రీ చేసి చూస్తే ఒక్క ముక్కే మిగిలింది: "ఈ బట్టలు నావి కావు." నా గుండె ఆగినంత పనైంది! ఇరవై ఏళ్ళలో ఒక్క జేబురుమాలు కూడా మారలేదు సార్. ఇక పొరపాటు జరక్కుండా ప్రతి చొక్కాకీ 'ద' గుర్తు రూపాయి బిళ్ళంత పెట్టాను. సన్మానం చొక్కాకి రెండు పెట్టాను.

తలదించుకుని,
చాంద్‌బాషా

తా.క. మీకొచ్చిన బట్టలు ఎవరివో కాస్త చెప్పండి. పాపం ఆయన మీవి వేసుకుని తిరుగుతుంటాడు.

* * *

ఒరే చాంద్‌బాషా,

బట్టలు నావేరా! సన్మానంలో మెడ భగ్గుమంది. దండ వెయ్యగానే తీసి చేత్తో పట్టుకున్నాను. శాలువా వద్దన్నాను. "ఎంత నిరాడంబరులో!" అని హాలంతా చప్పట్లు. ఇంటికొచ్చాక మెడకి వెన్న రాయబోయి రావమ్మ కెవ్వుమంది. దద్దుర్లు లేచి రెండు అక్షరాలయ్యాయట. తిరగబడి ఉంటే అద్దం పెట్టి మరీ చదివింది: 'ద', 'ద'. సబ్బు తప్పూ కాదు, కుంకుడు తప్పూ కాదు. అంతా నీ నల్లజీడి పుణ్యమే నాయనా! మూట ఎక్కడికీ పోదులే, బెంగపడకు. ఇక నుంచి గుర్తుకి దారం కుట్టు.

నీ మాస్టారు,
దశరథరామయ్య

తా.క. నా నిరాడంబరత్వం గురించి విని ఎ.కొండూరు వాళ్ళు కూడా వచ్చే నెల సన్మానం పెట్టారు. ఒక్క చొక్కాకి మాత్రం ఆ నల్లజీడి గుర్తే ఉండనీ.